పాత సినిమాల్లో కనిపించే విమానాలు – ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

పాతరీలు
కాసాబ్లాంకా (1942) మళ్లీ చూశాను. ఆఖరి సీన్‌లో పొగమంచులో లిస్బన్ వెళ్లే విమానం నిలబడి ఉంటుంది కదా, అదేమిటో తేలక నిన్నటి నుంచి బుర్ర తొలిచేస్తోంది. ఒక సైట్‌లో లాక్‌హీడ్ ఎలక్ట్రా, పేరుమోసిన అమెరికన్ మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ నడిపిన విమానం అదే అని రాశారు. ఇంకోచోట బీచ్‌క్రాఫ్ట్ 18 అన్నారు. మా బాబాయి డకోటా అని తేల్చేశాడు, ఆయన లెక్కలో రెండు ఫ్యాన్లున్న ప్రతి పాత విమానమూ డకోటానే. వీళ్లందరినీ మించి ఒకాయన అక్కడ అసలు విమానమే లేదు, అట్ట బొమ్మ అన్నాడు. ఏది నిజం? అందరూ పేరు చెప్తారు గానీ ఏం చూసి చెప్పారో ఒక్కరూ రాయరు. నాకు పేరు కన్నా అదే కావాలి.

డకోటా_రాజు
డకోటా మాత్రం కాదు. తోక చూడండి. డకోటాకి తోక మీద నిలువు రెక్క ఒక్కటే ఉంటుంది. దీనికి రెండున్నాయి. బాబాయి కేసు అక్కడే కొట్టేశారు.

రెక్కలపురుగు
అది లాక్‌హీడ్ మోడల్ 12, ఎలక్ట్రా జూనియర్ అంటారు. ఇయర్‌హార్ట్ 1937 జులైలో పసిఫిక్ మీద మాయమైంది మోడల్ 10 ఎలక్ట్రాలో. ఇది దానికి తమ్ముడు, 1936లో వచ్చింది. రెండింటికీ ముఖం ఒకటే. రెండు గుండ్రటి ఇంజన్లు, రెండు నిలువు రెక్కల తోక, వెనక చిన్న చక్రం. అందుకే సైట్లలో ఎలక్ట్రా అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. తేడా సైజులో ఉంది. 10లో పదిమంది ప్రయాణికులు పడతారు, 12లో ఆరుగురే. రెక్కల కొస నుంచి కొసకి 10కి 55 అడుగులు, 12కి నలభై తొమ్మిదిన్నర. తెర మీద అడుగులు కొలవలేం కాబట్టి పక్కన కిటికీలు చూడాలి. 12 ఒళ్లు పొట్టి, కిటికీలు తక్కువ.

బీచ్ 18తో తికమక పడటం సహజమే. 1937లో మొదటిసారి ఎగిరింది, అదీ రెండింజన్లు, అదీ రెండు నిలువు రెక్కలు, 1970 దాకా తయారుచేస్తూనే ఉన్నారు కాబట్టి సినిమాల్లో బోలెడు సార్లు కనిపిస్తుంది. విడదీయాలంటే తోకని వెనక నుంచి చూపించిన ఫ్రేమ్ పట్టుకోండి. లాక్‌హీడ్‌లో అడ్డ రెక్క రెండు నిలువు రెక్కలనీ దాటి కాస్త బయటికి పొడుచుకొస్తుంది. బీచ్‌లో నిలువు రెక్కలు సరిగ్గా అడ్డ రెక్క చివరకే బిగించి ఉంటాయి, అవతల ఏమీ మిగలదు. ఈ ఒక్కటి చాలు.

గోదారిగట్టు
మరి అట్ట బొమ్మ సంగతి? అది పుకారా?

కరుణ_డల్లాస్
పుకారు కాదు, రెండూ నిజమే. ఆ సినిమా దాదాపు అంతా స్టూడియో లోపలే తీశారు. చివరి సీన్ కూడా సెట్టే. ఆ ఫ్లోర్‌లో నిజం విమానం పట్టదు, అందుకని సైజు తగ్గించి కటౌట్ లాంటిది చేసి వెనక నిలబెట్టారు. చిన్నదని తెలియకుండా ఉండటానికి దాని చుట్టూ తిరిగే మెకానిక్కుల వేషాలు పొట్టి మనుషులకి ఇచ్చారు. పొగమంచు కూడా అందుకే, లోపాలన్నీ దాంట్లో కలిసిపోతాయి. దగ్గర్నుంచి కనిపించే షాట్లలో మాత్రం అసలు లాక్‌హీడ్ 12 ఉంది.

పాతరీలు
ఇది బ్రహ్మాండం. ఆ పొగమంచు మూడ్ కోసం పెట్టారని ఇన్నాళ్లూ అనుకున్నాను.

డకోటా_రాజు
అదే సినిమాలో ఇంకో విమానం ఉంది, దాన్నెవరూ పట్టించుకోరు. మొదట్లో జర్మన్ మేజర్ స్ట్రాసర్ దిగుతాడు చూడండి. ఒక్క ఇంజన్, రెక్క పైన. అది ఫోకర్ సూపర్ యూనివర్సల్. పేరు చూసి యూరప్ విమానం అనుకోకండి, అమెరికాలో ఫోకర్ కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీలో తయారైంది. అంటే నాజీ అధికారి అమెరికన్ విమానంలో దిగాడన్నమాట.

శాస్త్రి_చెన్నై
@పాతరీలు మీ అసలు ప్రశ్నకి వస్తాను, ఏం చూసి చెప్పాలని. నేను చూసే వరస ఇది. ముందు రెక్క ఎక్కడుంది, పైనా కిందా. తర్వాత ఇంజన్లు ఎన్ని, అవి గుండ్రంగా బొద్దుగా ఉన్నాయా సన్నగా పొడవుగా ఉన్నాయా. ఆ తర్వాత తోక. నేల మీద ఉంటే చక్రాలు కూడా, ముక్కు కింద చక్రం ఉంటే ఒళ్లు నేలకి సమంగా నిలుస్తుంది, తోక కింద ఉంటే ముక్కు ఆకాశం చూస్తుంది. కిటికీలు ఆఖర్న, కానీ తీర్పు చెప్పేది చాలాసార్లు అవే. ఉదాహరణకి నాలుగింజన్ల డగ్లస్ అని తేలాక డీసీ-4 కిటికీలు గుండ్రన, డీసీ-6వి చదరం. నాలుగింజన్ల లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్‌లోనూ అంతే, మొదటి మోడళ్లకి గుండ్రటివి, ఒళ్లు సాగదీసిన సూపర్ కాన్‌స్టెలేషన్‌కి చదరపువి. మూడు నిలువు రెక్కల తోక వల్ల కాన్‌స్టెలేషన్ అని పిల్లాడైనా చెప్తాడు, ఏ కాన్‌స్టెలేషన్ అన్నది కిటికీ చెప్తుంది.

కరుణ_డల్లాస్
శాస్త్రి గారూ, వీటన్నిటికన్నా ముందు నంబర్ చూడాలి కదా? ఒంటి మీదో రెక్క మీదో రిజిస్ట్రేషన్ రాసి ఉంటుంది. అది దొరికితే ఆ విమానం ఎప్పుడు తయారైంది, ఎవరి చేతులు మారింది, ఎక్కడ కూలింది, జాతకం మొత్తం బయటికొస్తుంది.

శాస్త్రి_చెన్నై
ఒప్పుకోనమ్మా. సినిమాలో నంబర్‌ని నమ్మితే మునిగిపోతాం. పెయింటు వేయడానికి పది నిమిషాలు చాలు, తోక ఆకారం మార్చడం ఎవరి తరం?

రెక్కలపురుగు
శాస్త్రి గారికే నా ఓటు. రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్ (1981) మొదట్లో హీరో నదిలో ఈదుకుంటూ వెళ్లి ఎక్కే నీటి విమానం మీద ఓబీ-సీపీఓ అని ఉంటుంది. స్టార్ వార్స్‌లో ఓబీ-వాన్, సీ-త్రీపీఓ పేర్లు కలిపి పెట్టిన సరదా నంబర్ అది. విమానం మాత్రం నిజమైన వాకో, రెండంతస్తుల రెక్కలది, చక్రాల బదులు తేలే పడవలు కట్టారు. ఇంకో తమాషా, ఓబీ అన్నది నిజంగానే పెరూ దేశపు గుర్తు, కథలో ఆ సీన్ పెరూలోనే. షూటింగ్ జరిగింది హవాయిలో.

కరుణ_డల్లాస్
సరే, అది సరదాకి పెట్టినది. కానీ 30ల, 40ల అమెరికన్ సినిమాల్లో చాలాసార్లు అసలు నంబరే ఉంటుంది, దాన్ని మార్చే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. పైగా నంబర్ తీరు కాలం కూడా చెప్తుంది. అప్పటి అమెరికా సివిల్ విమానాలకి ఎన్‌సీ అని మొదలయ్యేది. 1949 నుంచి ఆ సీ పోయి ఎన్ ఒక్కటే మిగిలింది. కథ 1955లో జరుగుతూ విమానం మీద ఎన్‌సీ కనిపిస్తే అది పాత షాట్ తెచ్చి అతికించారని అనుమానించొచ్చు. ఏ రకం అన్నది ఆకారం చెప్తుంది, ఏ విమానం అన్నది నంబరే చెప్పాలి. రెండూ కావాలి.

శాస్త్రి_చెన్నై
అలా అంటే ఒప్పుకుంటా.

బెజవాడ_బుల్లోడు
మనవాటికి వీటీ ఉంటుంది కదా, వైస్రాయ్ టెరిటరీ అట. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా ఇంకా అదే మోస్తున్నాం.

డకోటా_రాజు
వాట్సాప్‌లో తిరిగే కథ అది. 1929 వరకు ఇండియా విమానాలకి జీ-ఐ అని ఉండేది, ఆ తర్వాత దేశదేశానికీ కేటాయించిన రేడియో కాల్ సైన్ అక్షరాల్లోంచి వీటీ వచ్చింది. వైస్రాయ్ గారికి సంబంధం లేదు.

బెజవాడ_బుల్లోడు
ఆ కథే బాగుంది అన్నా, ఉండనివ్వు 😄

పద్మ_విశాఖ
హాలీవుడ్ సరే, నాకు మన సినిమా డౌట్ ఒకటుంది. 60ల నాటి బ్లాక్ అండ్ వైట్ తెలుగు సినిమా, టీవీలో సగం నుంచి చూశాను, పేరు పడేటప్పటికి లేను. హీరో ఫారిన్‌లో చదువు ముగించుకుని మద్రాసులో దిగుతాడు, మెట్ల దగ్గర దండలు, చెల్లెలు ఏడుపు, మామూలే. విమానానికి నాలుగింజన్లు, రెక్క కింద వైపు. ప్రింట్ అరిగిపోయి గీతలు గీతలుగా ఉంది. ఫోన్‌తో తీసిన ఫొటో పెడుతున్నా. ఏమిటిది?

డకోటా_రాజు
నాలుగింజన్లు, కింద రెక్క, ముక్కు కింద చక్రం. డీసీ-4 స్కైమాస్టర్. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పుట్టినప్పుడు పాత కంపెనీల నుంచి వారసత్వంగా వచ్చిన వాటిలో డీసీ-3లు (అంటే డకోటాలు) 74, వైకింగ్‌లు 12, డీసీ-4లు 3. మద్రాసులో నాలుగింజన్లు అంటే నాకు ముందు అదే తడుతుంది.

రెక్కలపురుగు
రాజూ, 60ల సినిమా అంటోంది ఆవిడ. 1957లోనే నాలుగింజన్ల వైకౌంట్‌లు వచ్చేశాయి. కొత్తగా మెరిసేది ఉండగా డైరెక్టర్ పాత స్కైమాస్టర్ పక్కన హీరోని ఎందుకు నిలబెడతాడు?

డకోటా_రాజు
డైరెక్టర్‌కి ఏది ఖాళీగా ఉంటే అది ఇస్తారు బాబూ, కేటలాగ్ చూసి ఎంచుకోడు. మద్రాసులో షూటింగ్ పర్మిషన్ దొరకడమే గొప్ప.

శాస్త్రి_చెన్నై
వాదన ఎందుకు, ఫొటోలో ఇంజన్లు చూడండి. ఎడమ వైపు రెండూ రెక్క ముందుకి సన్నగా పెన్సిల్ ములుకుల్లా వచ్చి ఉన్నాయి. డీసీ-4 ఇంజన్ ముందు నుంచి బొద్దుగా గుండ్రంగా ఉంటుంది, లోపల సిలిండర్లు చుట్టూ పేర్చి ఉంటాయి కాబట్టి. ఇవి అలా లేవు. సన్నగా ఉన్నాయంటే టర్బోప్రాప్, అంటే టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే ఇంజన్, రోల్స్ రాయిస్ డార్ట్. నా మాట వైకౌంట్.

డకోటా_రాజు
ఆ గీతల్లో మీకు పెన్సిల్ ఎక్కడ కనిపించిందో గానీ నాకు మబ్బు కనిపిస్తోంది. కిటికీలు చెప్పండి, కిటికీలన్నారు కదా మీరే.

పద్మ_విశాఖ
కిటికీల ముందు బంధువులు నిలబడి ఉన్నారు. దండలు ఎత్తి పట్టుకుని.

మీనంబాకం_మామ
మీ గొడవ చూసి రాస్తున్నాను. నేను మీనంబాకంలో, అదే మద్రాసు విమానాశ్రయంలో, గ్రౌండ్ సైడ్ పనిచేశాను, వైకౌంట్ చివరి రోజులు చూశాను. తలుపు చూడండి అమ్మా. హీరో దండం పెడుతూ నిలబడ్డ తలుపు మూలలు ఏవి? లేవు. నిలువు కోడిగుడ్డు ఆకారం. మన దగ్గరున్నవి వైకౌంట్ 700 రకంవి, వాటికి తలుపు కూడా కిటికీ లాగే కోలగా ఉండేది. డీసీ-4 తలుపు అలా ఉండదు. ఇంకో గుర్తు, ఫొటోలో కుడి పక్క ఒకాయన టోపీ వెనకాల తోక అడ్డ రెక్క కొస కనిపిస్తోంది, అది పైకి లేచి ఉంది. వైకౌంట్ తోక అడ్డ రెక్కలు రెండూ అలా పైకి వాలి ఉంటాయి.

ఆ కిటికీలు ఎంత పెద్దవంటే కూర్చున్న మనిషికి కింద పొలాలు గట్లతో సహా కనబడేవి. ఎత్తు రెండడుగులు పైమాటే. ఇప్పటి విమానాల్లో కిటికీ పక్క సీటుకి డబ్బులు కట్టి రెక్క చూస్తున్నాం. ఇంజన్ స్టార్ట్ చేస్తే మామూలు గురగుర కాదు, చెవిలో సన్నగా గుచ్చుకునే ఈల. డకోటా స్టార్ట్ చేస్తే ముందు దగ్గి, తెల్లగా పొగ వదిలి, అప్పుడు తిరిగేది. చీకట్లో విన్నా ఏది వస్తోందో చెప్పేవాళ్లం.

పద్మ_విశాఖ
మామ గారూ 🙏 తలుపు జూమ్ చేశాను. నిజంగానే మూలలు లేవు. వైకౌంట్ అని రాసుకున్నాను.

గోదారిగట్టు
రాజు గారు సైలెంట్.

డకోటా_రాజు
తలుపు అంటే తలుపే. కోల తలుపు డీసీ-4కి రాదు.

బెజవాడ_బుల్లోడు
మామా, లండన్ నుంచి వైకౌంట్‌లో మద్రాసు దాకా వచ్చాడా హీరో?

మీనంబాకం_మామ
లండన్ నుంచి ఎయిర్ ఇండియాలో బొంబాయి, అక్కడ మారి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో మద్రాసు. 1960 తర్వాతి కథ అయితే బొంబాయి దాకా బోయింగ్ 707. కాబట్టి వైకౌంట్‌లో దిగడంలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడంటే, అలాంటి సినిమాల్లో పైన ఆకాశంలో ఒక షాట్ వేస్తారు చూడండి, అక్కడ.

పద్మ_విశాఖ
అవును! దిగే ముందు మబ్బుల్లో ఎగురుతున్నట్టు ఉంది, దానికి ఇంజన్లు తోక దగ్గర ఉన్నాయి. నేనే పొరపాటుగా చూశానేమో అనుకున్నా.

శాస్త్రి_చెన్నై
తోక దగ్గర రెండింజన్లు, 60ల ఇండియన్ సినిమా అంటే కారవెల్ జెట్. 1964లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి వచ్చింది. కిటికీలు మూలలు గుండ్రం చేసిన ముక్కోణాల్లా ఉంటాయి, ప్రపంచంలో ఇంకే పెద్ద విమానానికీ అలాంటివి లేవు. ప్రచారం కోసం తీసిన ఫిల్మ్ ముక్కలు ఎడిటింగ్ గదిలో పడి ఉంటాయి, వాటిని అతికిస్తారు. ఎక్కడం ఒక విమానం, ఎగరడం ఇంకొకటి, దిగడం మూడోది. ఇది మనవాళ్ల జబ్బే కాదు, ప్రపంచమంతా ఉంది. అయితే దీనివల్ల ఒక లాభం ఉంది. మీ సినిమా 1964కి ముందుది కాదు. పేరు వెతకడానికి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

కరుణ_డల్లాస్
దీని మీద హాలీవుడ్‌వాళ్లు జోకే వేశారు. ఎయిర్‌ప్లేన్! (1980) కామెడీలో తెర మీద ఎగిరేది బోయింగ్ 707 జెట్, సినిమా పొడుగునా వినిపించేది ప్రొపెల్లర్ విమానం చప్పుడు. వాళ్లు వెక్కిరించింది 1957 నాటి జీరో అవర్! అనే సీరియస్ సినిమాని, దాంట్లో విమానం ప్రొపెల్లర్లదే, డీసీ-4. మామ గారిలాగా చెవితో గుర్తుపట్టేవాళ్లకి అది నరకం.

మీనంబాకం_మామ
సినిమాలో చప్పుడు తర్వాత కలుపుతారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. వైకౌంట్ చూపించి డకోటా చప్పుడు వేసినవి నేను థియేటర్‌లోనే విన్నాను.

రైల్వేకోడూరు_రఘు
నార్త్ బై నార్త్‌వెస్ట్ (1959)లో మొక్కజొన్న చేల దగ్గర హీరో మీదకి దూకే మందు చల్లే విమానం ఏమిటి? మా రూమ్మేట్ స్టియర్‌మన్ అంటాడు.

రెక్కలపురుగు
సగం రైటు. తరిమేది ఎన్3ఎన్ కెనరీ. అమెరికా నేవీ సొంత ఫ్యాక్టరీలో పైలట్ల శిక్షణ కోసం కట్టుకున్నది, యుద్ధం అయ్యాక చవగ్గా అమ్మేస్తే పొలాలకి మందు కొట్టేవాళ్లు కొనుక్కున్నారు. చివర్లో ట్యాంకర్‌ని గుద్ది పేలేది మాత్రం బోయింగ్ స్టియర్‌మన్. రెండూ రెండంతస్తుల రెక్కలవి, రెండూ పాత శిక్షణ విమానాలు, వేగంగా కట్ చేస్తే ఎవరికీ తేడా తెలియదు. కథ ఇండియానా అంటారు, తీసింది కాలిఫోర్నియాలో.

రైల్వేకోడూరు_రఘు
రూమ్మేట్‌కి సగం మార్కులు వేశాను. టీ ఖర్చు చెరి సగం.

గోదారిగట్టు
మూడింజన్ల రేకు విమానం ఉంటుంది కదా, గరుకు గరుకుగా గోదాం పైకప్పులా. ఇండియానా జోన్స్ రెండో సినిమాలో షాంఘై నుంచి పారిపోయేది. అది జర్మన్‌దా?

డకోటా_రాజు
ఫోర్డ్ ట్రైమోటర్. కార్ల ఫోర్డే. 20ల చివర్లో వచ్చింది, మొత్తం 199 కట్టారు. జర్మన్ జంకర్స్ 52కీ మూడింజన్లు, దానికీ ముడతల రేకే, అందుకే కలగలిసిపోతాయి. ఫోర్డ్‌కి రెక్క పైన, జంకర్స్‌కి కింద. రెక్క పైనే ఉండి ఒళ్లు నున్నగా ఉంటే ఫోకర్. ముడతలు, రెక్క, రెండే రెండు ప్రశ్నలు.

కరుణ_డల్లాస్
ఆ సిరీస్ మొదటి సినిమాలో నాకు ఇష్టమైనది ఇంకోటి. హీరో శాన్‌ఫ్రాన్సిస్కోలో పాన్ యామ్ అనే అమెరికన్ ఎయిర్‌లైన్ పడవ విమానం ఎక్కుతాడు, కథ 1936. అక్కడ చూపించాలనుకున్నది బోయింగ్ 314 క్లిప్పర్. కానీ క్లిప్పర్‌లు పన్నెండే తయారయ్యాయి, ఒక్కటీ మిగల్లేదు. అందుకని బ్రిటిష్‌వాళ్ల షార్ట్ సోలెంట్‌ని వాడారు. పట్టుకోవడం తేలిక, 314కి తోక మీద మూడు నిలువు రెక్కలు, సోలెంట్‌కి ఒక్కటే, చాలా ఎత్తుగా. 314కి నీటి మట్టంలో ఒంటికి రెండు పక్కలా పొట్టి రెక్కల్లాంటివి ఉంటాయి, ప్రయాణికులు వాటి మీద నడిచే లోపలికి వెళ్లేవాళ్లు. సోలెంట్‌కి అవి లేవు, రెక్కల చివర తేలే బుడ్డలు వేలాడతాయి. ఆ సోలెంట్ ఇప్పుడు ఓక్లాండ్ మ్యూజియంలో ఉంది. పైగా 314 మొదటిసారి ఎగిరిందే 1938లో, కాబట్టి అసలుది దొరికినా కథకి సరిపోయేది కాదు!

పాతరీలు
ఒక్కటీ మిగల్లేదంటే బాధగా ఉంది. అంత గొప్ప విమానం సినిమాలో తప్ప కనిపించదంటే... ఆ సినిమాలో కూడా కనిపించలేదు.

మీనంబాకం_మామ
మిగలడం అంటే గుర్తొచ్చింది. ఎయిర్‌పోర్ట్ (1970) సినిమాలో మంచులో కూరుకుపోయే 707 ఉంది కదా, అది ఫ్లయింగ్ టైగర్ అనే సరుకు విమానాల కంపెనీ నుంచి అద్దెకి తెచ్చింది. లేని కంపెనీ పేరు పెయింటు వేశారు. తర్వాత చేతులు మారి బ్రెజిల్ చేరింది. 1989 మార్చి 21న సావో పాలో దగ్గర జనం ఉండే బస్తీ మీద కూలిపోయింది. అందులోని ముగ్గురు సిబ్బందీ, కింద ఇరవై మందికి పైగా పోయారు. కరుణ గారు చెప్పిన జాతకం అన్నది ఇదే. తెర మీద బాంబు తెచ్చినవాడు తప్ప అందరూ బతికి బయటపడిన విమానం అది.

శాస్త్రి_చెన్నై
ఈ విషయంలో ఫ్లైట్ ఆఫ్ ద ఫీనిక్స్ (1965) ఎత్తక తప్పదు. ఎడారిలో కూలేది ఫెయిర్‌చైల్డ్ సీ-82, రెండు పక్కలా రెండు తోక బొంగులు, మధ్యలో డబ్బా లాంటి ఒళ్లు. శిథిలాల నుంచి కట్టుకున్న చిన్న విమానం కోసం నిజంగానే ఎగిరేదాన్ని ఒకటి తయారు చేశారు. దాన్ని నడుపుతూ పాల్ మాంజ్ 1965 జులై 8న చనిపోయాడు. హాలీవుడ్ విమానాలంటే ఆయనే అన్నంత పేరున్న పైలట్. ఆయన భాగస్వామి ఫ్రాంక్ టాల్‌మన్ నడపాల్సింది, ఆయన కాలికి దెబ్బ తగలడంతో మాంజ్ ఎక్కాడు. మ్యాడ్ మ్యాడ్ వరల్డ్ (1963)లో రోడ్డు పక్క ప్రకటన బోర్డుని చీల్చుకుంటూ బీచ్ 18 పోతుంది చూడండి, అది నడిపింది టాల్‌మనే. గ్రాఫిక్స్ కాదు. నిజం బోర్డు, నిజం విమానం. ఇలాంటివి చూసినప్పుడు మోడల్ నంబర్‌తో పాటు నడిపినవాడి పేరు కూడా రాసుకోవాలని నా అభిప్రాయం.

రెక్కలపురుగు
నూటికి నూరు పాళ్లు.

రైల్వేకోడూరు_రఘు
కొత్తగా కట్టిన నకళ్లని ఏమని రాయాలి మరి? ద స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ (1957)లో, ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ విమానం అసలుది కాదు కదా.

డకోటా_రాజు
అసలుది మ్యూజియంలో ఉంది. సినిమాకి రయన్ బ్రౌమ్ అనే విమానాలు మూడు తెచ్చి దానిలా మార్చారు. అదే కంపెనీ, అదే కుటుంబం. నేనైతే "రయన్ బ్రౌమ్, మార్చినది" అని రాస్తాను. నకలు అంటే వాటిని చిన్నబుచ్చినట్టు.

కరుణ_డల్లాస్
నేను నకలనే రాస్తాను, అందులో చిన్నతనమేమీ లేదు. దోజ్ మ్యాగ్నిఫిసెంట్ మెన్ (1965) కోసం 1910 నాటి డిజైన్లని మళ్లీ కట్టి నిజంగా ఎగరేశారు. వాటిలో బ్రిస్టల్ బాక్స్‌కైట్, ఆవ్రో ట్రైప్లేన్ ఇంగ్లండ్‌లో ఓల్డ్ వార్డెన్ షటిల్‌వర్త్ కలెక్షన్‌లో ఉన్నాయి. గాలి లేని సాయంత్రాల్లో మాత్రమే ఎగరేస్తారు. అసలు విమానాలు పోయాయి, అవి ఎలా ఎగిరేవో ఇప్పటి మనిషికి తెలియడానికి సినిమా నకళ్లే దిక్కయ్యాయి.

బెజవాడ_బుల్లోడు
అవుట్ ఆఫ్ ఆఫ్రికా (1985)లో పసుప్పచ్చ విమానం ఏది? కెన్యా సీన్లు.

మీనంబాకం_మామ
జిప్సీ మోత్. డీ హావిలాండ్ వాళ్లది. మన దేశంలోనూ తొలి ఫ్లయింగ్ క్లబ్బుల పిల్లలు నేర్చుకున్నది ఈ మోత్‌ల మీదే. 1930లో ఇంగ్లండ్-ఇండియా ఆగా ఖాన్ పోటీలో జేఆర్‌డీ టాటా, ఆస్పీ ఇంజనీర్ (ఇంజనీర్ ఆయన ఇంటిపేరు) ఎదురెదురుగా ఎగిరింది జిప్సీ మోత్‌లలోనే. ఈజిప్టులో అబూకీర్ దగ్గర ఆస్పీ స్పార్క్ ప్లగ్‌ల కోసం ఆగిపోతే జేఆర్‌డీ తన దగ్గరున్నవి ఇచ్చాడు. చివరికి గెలిచింది ఆస్పీ. ఇది సినిమాగా ఎవరూ తీయలేదేమో గానీ, తీస్తే మోత్‌లు మాత్రం అసలువే తేవాలి. ఇంకా ఎగిరేవి ఉన్నాయి.

పాతరీలు
మామ గారు, ఇలాంటివి ఇంకా రాయండి దయచేసి.

గోదారిగట్టు
సినిమా విమానాలకి ఐఎంపీడీబీ అని ఒక సైట్ ఉంది కదా, అక్కడ చూసుకుంటే పోయేదానికి ఇంత చర్చా?

రెక్కలపురుగు
హాలీవుడ్‌కి అది బంగారమే. మన సినిమాలు ఎన్ని ఉన్నాయి అందులో? మద్రాసులో తీసిన తెలుగు, తమిళ సినిమాల్లో డకోటా, వైకౌంట్, ఫోకర్ ఫ్రెండ్‌షిప్, కారవెల్ అన్నీ ఉన్నాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలుపుకున్న కంపెనీల్లో బేగంపేట నుంచి నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఉంది, దాని డకోటాలు ఏ పాత రీలులోనైనా కనిపిస్తే హైదరాబాద్ చరిత్ర అది. ఇవి గుర్తుపట్టేవాళ్లు మామ గారి తరంతో అయిపోతారు. ప్రింట్లు ఇప్పటికే అరిగాయి. ఎవరికి ఏ ఫ్రేమ్ దొరికినా సినిమా పేరు, ఎన్నో నిమిషం, రెండూ రాసి ఈ థ్రెడ్‌లో పెట్టండి, తేలుద్దాం.

పద్మ_విశాఖ
అయితే నాది ఇంకోటి. ఇది కలర్ సినిమా, రెండింజన్లు, సన్నవే, కాబట్టి డార్ట్ అనుకుంటున్నా. ఫ్రెండ్‌షిప్పా, ఆవ్రోనా? ఫొటోలో ముందు భాగం, ఒక ఇంజన్ మాత్రమే ఉంది.

శాస్త్రి_చెన్నై
రెండింటికీ డార్ట్ ఇంజనే, అందుకే ఇంజన్ చూసి చెప్పలేం. రెక్క ఎక్కడుంది?

పద్మ_విశాఖ
కిటికీల కింద. ఇంజన్ రెక్క పైన కూర్చుని ఉంది.

మీనంబాకం_మామ
ఆవ్రో. హెచ్ఎస్-748, కాన్పూర్‌లో హెచ్ఏఎల్ కట్టినది. ఫ్రెండ్‌షిప్ రెక్క ఒంటి పైన ఉంటుంది, ఇంజన్లు దాని కింద వేలాడతాయి. సినిమా పేరు, నిమిషం రాయండమ్మా.